రెండు తీగలు, ఒక స్తంభం

పోయిన నెల మా గల్లీలో మోరీ పని మొదలైంది. జేసీబీ వచ్చి మట్టితో పాటు మా ఇంటికొచ్చే ఫైబర్ తీగను కూడా ఎత్తిపోసింది. సరిగ్గా అప్పుడే నేను ఎక్కడో వెయ్యి కిలోమీటర్ల దూరంలో ఉన్న క్లయింట్ రౌటర్‌లోకి లాగిన్ అయి కాన్ఫిగరేషన్ మారుస్తున్నాను, నాలుగు లైన్లు పడ్డాయి, ఇంకో మూడు పడాలి, స్క్రీన్ అలాగే నిలిచిపోయింది. ఎంటర్ కొడితే ఉలుకూ పలుకూ లేదు.

ఇలాంటిది వస్తుందనే ఏడాది కిందట రెండో బ్రాడ్‌బ్యాండ్ కూడా పెట్టించాను. రెండు లైన్లు తగిలించుకునే రౌటర్ కొన్నాను. అది తన పని తాను చేసింది, పది సెకన్లలో రెండో లైన్‌కు మారింది. హాల్లో బాపు చూస్తున్న యూట్యూబ్ వీడియో ఆగను కూడా లేదు. కానీ నా సెషన్ పోయింది, ఆఫీస్ నెట్‌వర్క్‌లోకి పోయే వీపీఎన్ పోయింది, మళ్లీ పాస్‌వర్డ్, మళ్లీ ఓటీపీ, అవతల సగం మారిన రౌటర్ ఏ స్థితిలో ఉందో తెలియక టెన్షన్. నేను తిట్టుకుంటుంటే బాపు వచ్చి అడిగారు: "రెండిటికీ పైసలు కడ్తున్నం గద బిడ్డా, ఒకటి పోతే ఇంకోటి అందుకోవాలె గద?"

అందుకుంది బాపూ, కానీ నా పేరు మారిపోయింది అన్నాను. ఆయనకు అర్థం కాలేదు. నిజానికి నేను చెప్పింది కూడా సగమే సరైంది, అందుకే ఇప్పుడు తీరిగ్గా రాస్తున్నాను.

ఇంటర్నెట్‌లో రెండు మెషీన్లు కనెక్షన్ పెట్టుకుని మాట్లాడుకునే పద్ధతి టీసీపీ. ఆ కనెక్షన్‌ను రెండు వైపులా గుర్తుపెట్టుకునేది నాలుగు అంకెలతో: ఇవతలి ఐపీ అడ్రస్, ఇవతలి పోర్ట్ (మెషీన్‌లో ఏ ప్రోగ్రామో చెప్పే నంబర్), అవతలి ఐపీ అడ్రస్, అవతలి పోర్ట్. ఈ నాలుగింట్లో ఒక్కటి మారినా అది వేరే కనెక్షన్ కిందే లెక్క. నా రౌటర్ రెండో లైన్‌కు మారగానే బయటికి కనిపించే నా అడ్రస్ మారింది. కనెక్షన్ మొదలైనప్పుడు చూడని ప్యాకెట్ సగంలో వస్తే దారిలో అడ్రస్‌లు మార్చి పంపే నాట్ పెట్టె దాన్ని అక్కడే పడేయవచ్చు, ఒకవేళ అవతలి మెషీన్ దాకా చేరినా అది "నువ్వెవరో నాకు తెల్వదు" అని తలుపు వేసేస్తుంది. ఆ తలుపు వేయడం తప్పు కూడా కాదు. ఎవరో వచ్చి "నేనే ఇందాకటి మనిషిని" అంటే నమ్మడానికి దాని దగ్గర ఏ ఆధారమూ లేదు, ఎందుకంటే నేనెవరో దానికి తెలిసింది నా అడ్రస్ ద్వారానే.

గొడవంతా ఇక్కడే ఉంది. ఐపీ అడ్రస్ రెండు పనులు చేస్తుంది. ప్యాకెట్ ఎక్కడికి పోవాలో చెప్తుంది, అక్కడున్నది ఎవరో కూడా చెప్తుంది. టీసీపీకి చాలాకాలం ఆధారమైన ఆర్‌ఎఫ్‌సీ 793 (ఇంటర్నెట్ పద్ధతులను రాసిపెట్టే పత్రాలను ఆర్‌ఎఫ్‌సీలు అంటారు) వచ్చింది 1981 సెప్టెంబర్‌లో. అప్పటి కంప్యూటర్ బీరువా అంత ఉండేది, దాన్ని జేబులో పెట్టుకుని కాజీపేట స్టేషన్‌కు పోయే మనిషి ఎవరూ లేరు. కాబట్టి ఎక్కడ, ఎవరు అనే రెండు ప్రశ్నలకూ ఒకటే జవాబు సరిపోయింది. అలాగని అప్పుడు ఎవరూ ఆలోచించలేదు అనుకోకండి. 1978లోనే జాన్ షోచ్ అనే పరిశోధకుడు ఒక చిన్న నోట్‌లో పేరు అంటే ఏమిటి అనేది, అడ్రస్ అంటే ఎక్కడ అనేది, రూట్ అంటే ఎలా పోవాలి అనేది, మూడూ వేరు అని రాసి పెట్టాడు. చదివిన వాళ్లు సరే అన్నారు, కోడ్ మాత్రం ఇంకోలా రాశారు.

మన దగ్గర ఇది వేరేలా జరిగింది. మన ఇంటిపేర్లు చూడండి, ఎలగందుల, ధర్మపురి, పరకాల, ఇలా ఎన్నో ఊరి పేర్లే. ఎప్పుడో ఏ తాత ముత్తాతో ఆ ఊరి నుంచి వచ్చాడు కాబట్టి "ఫలానా ఊరి వాళ్లు" అన్నారు, అంటే మొదట్లో అది అడ్రసే. తర్వాత మనిషి కదిలాడు, పేరు కూడా వెంట కదిలింది. ఇప్పుడు ఆ కుటుంబం డల్లాస్‌లో ఉన్నా ఎలగందుల వాళ్లే, ఆ ఇంటిపేరు చూసి ఎవరూ వాళ్ల కొరియర్‌ను ఎలగందుల గుట్ట కిందికి పంపరు. ఎక్కడ అనేది కాలక్రమంలో ఎవరు అయిపోయింది, చిరునామా కోసం వేరే లైన్ రాసుకోవడం అలవాటైంది. ఇంటర్నెట్‌లో ఆ విడిపోవడం జరగలేదు. ఊరు మారిన ప్రతిసారీ ఇంటిపేరు మార్చుకుని, పాత స్నేహితులందరికీ మళ్లీ మొదటి నుంచి పరిచయం చేసుకోవాల్సిన పరిస్థితి.

బాపు ముప్పై ఏళ్లకు పైగా పోస్ట్‌మన్‌గా చేసి రిటైర్ అయ్యారు, కాబట్టి ఆయనకు పిన్ కోడ్‌తో మొదలుపెట్టి చెప్పాను. మాది 506001. ఢిల్లీలో ఉత్తరాలు వేరుచేసే మనిషి హన్మకొండ ఎక్కడుందో తెలుసుకోనక్కర్లేదు, మొదటి అంకె 5 చూసి దక్షిణానికి ఇటువైపు పంపిస్తే చాలు, 506 చూస్తే వరంగల్ వైపు అని తెలుస్తుంది, చివరి మూడు అంకెలు ఇక్కడికొచ్చాక పనికొస్తాయి. వీధి, ఇల్లు అనేవి బాపు లాంటి వాళ్ల సంగతి. ఐపీ రూటింగ్ కూడా ఇదే. ప్రపంచంలోని రౌటర్లు ఒక్కో మెషీన్‌ను గుర్తుపెట్టుకోవు, ముందు అంకెలను బట్టి ఒక గుంపు మొత్తాన్ని ఒకే వరుసలో రాసుకుంటాయి. 1993లో సైడర్ అనే పద్ధతి తెచ్చింది కూడా ఈ గుంపులను ఇంకా పెద్దవిగా కలపడానికే, ఎందుకంటే అప్పటికే రౌటర్లలో ఈ వరుసల పట్టికలు పొంగిపోతున్నాయి.

కానీ గుంపుగా కలపాలంటే అడ్రస్ కచ్చితంగా స్థలానికి అతుక్కుని ఉండాలి. 506తో మొదలయ్యే ఇల్లు వరంగల్ వైపే ఉండాలి. ఆ ఇల్లు చక్రాలు కట్టుకుని నాగ్‌పూర్ పోయి, అయినా నా పిన్ 506001 అంటే ఢిల్లీలో ఆ ఒక్క ఇంటి కోసం ఇంకో వరుస రాసుకోవాలి. కదలాలి అన్నా, రెండు దారులు కావాలన్నా, రెండూ వచ్చి ఈ గోడకే తగులుతాయి.

ముందు కదలడం సంగతి. మీలో చాలామందికి అనుమానం వచ్చే ఉంటుంది, కాజీపేటలో రైలెక్కి సికింద్రాబాద్‌లో దిగే దాకా ఫోన్‌లో మాట్లాడుతూనే ఉంటాం కదా, జనగామ, ఆలేరు, భువనగిరి, ఘట్‌కేసర్, ఎన్ని టవర్లు మారతాయి, మరి అడ్రస్ మారదా అని. మారదు. ఎందుకంటే మొబైల్ కంపెనీ మన ఐపీని టవర్ దగ్గర ఇవ్వదు. ఎక్కడో ఒక పెద్ద ఊళ్లో గేట్‌వే ఉంటుంది, అడ్రస్ అక్కడిది. మనం ఏ టవర్ కింద ఉన్నా ఆ గేట్‌వే నుంచి మన దాకా ఒక సొరంగం వేస్తారు, అంటే మన ప్యాకెట్‌ను ఇంకో ప్యాకెట్‌లో పెట్టి పంపుతారు, టవర్ మారినప్పుడల్లా సొరంగం చివరను లాగి కొత్త టవర్‌కు కడతారు. హన్మకొండలో కూర్చుని మొబైల్ డేటాలో "నా ఐపీ ఎక్కడిది" అని చూస్తే హైదరాబాద్ అనో ఇంకో ఊరనో చూపించేది ఇందుకే. బయటి ప్రపంచానికి మీరు అసలు కదలనే లేదు. ఇది చక్కగానే పనిచేస్తుంది, కాకపోతే ఒకే కంపెనీ గోడల లోపల మాత్రమే. ఇంటి వైఫై దాటి స్కూటీ మీద చౌరస్తా దాకా వచ్చి మొబైల్ డేటాలో పడ్డారా, కంపెనీ మారింది, గేట్‌వే మారింది, అడ్రస్ మారింది.

కంపెనీ గోడలు దాటి కూడా ఇది జరగాలని 1996లో మొబైల్ ఐపీ అని ఒక పద్ధతి రాశారు, ఆర్‌ఎఫ్‌సీ 2002. దీని గురించి చెప్తుంటే బాపు ముఖం వెలిగిపోయింది, ఎందుకంటే అచ్చం పోస్టాఫీసు పద్ధతే. ఇల్లు మారిన వాళ్లు ఒక కాగితం రాసిచ్చి పోతారు, పాత ఇంటికొచ్చిన ఉత్తరం మీద పోస్ట్‌మన్ కొత్త చిరునామా రాసి మళ్లీ పంపుతాడు. మొబైల్ ఐపీలో ఆ పోస్టాఫీసు పేరు హోమ్ ఏజెంట్. మీ సొంత అడ్రస్ దాని దగ్గరే ఉంటుంది, మీరు కొత్త చోటికి పోగానే అక్కడి తాత్కాలిక అడ్రస్ దానికి చెప్తారు, అది ప్యాకెట్లను ఇంకో కవర్‌లో పెట్టి మీకు పంపుతుంది.

"మరింకేంది, అయిపాయె గద" అన్నారు బాపు. అయిపోలేదు. నేను సికింద్రాబాద్‌లో ఉండి సికింద్రాబాద్‌లోనే ఉన్న సర్వర్‌తో మాట్లాడినా దాని జవాబు హన్మకొండ వచ్చి మళ్లీ సికింద్రాబాద్ పోవాలి. ఇంకోటి, నేను బయటి నుంచి పంపే ప్యాకెట్ మీద "ఫ్రమ్" దగ్గర నా హన్మకొండ అడ్రసే ఉంటుంది, కానీ దొంగ అడ్రస్‌లతో దాడులు పెరిగాక, తమ దగ్గరిది కాని అడ్రస్‌తో బయటికి పోయే ప్యాకెట్లను ఆపేయమని 2000లోనే నెట్‌వర్క్ కంపెనీలకు చెప్పారు. అది మంచి పద్ధతి, దొంగలను ఆపాలి, కానీ దానికి నేనూ దొంగనూ ఒకేలా కనిపిస్తాం. దాంతో నేను పంపే ప్యాకెట్లు కూడా హోమ్ ఏజెంట్ దాకా సొరంగంలోనే పోవాల్సి వచ్చింది. ఐపీ కొత్త రూపమైన ఐపీవీ6లో దీన్ని కొంత బాగుచేసి 2004లో మళ్లీ రాశారు, అయినా మామూలు ఫోన్లలో, ల్యాప్‌టాప్‌లలో ఇది కనిపించనే కనిపించదు. సొంతంగా హోమ్ ఏజెంట్ ఎవరు నడుపుతారు? మా ఇంట్లో నేను నడుపుతాను, సరే, మీ ఇంట్లో?

రెండు దారుల సంగతికి వస్తే, హన్మకొండ వాళ్లకు ఇది పుట్టుకతో తెలిసిన విషయమే. మనకు రెండు స్టేషన్లు. హైదరాబాద్ నుంచి ఢిల్లీ పోయే బండి కాజీపేటలో ఆగుతుంది, వరంగల్ మొహం చూడదు. చెన్నై నుంచి ఢిల్లీ పోయేది వరంగల్‌లో ఆగుతుంది. ఒక దారిలో ఏదైనా అయితే ఇంకో స్టేషన్‌కు ఆటో మాట్లాడుకుంటాం. కానీ చేతిలో ఉన్న టికెట్ ఈ స్టేషన్ నుంచి ఈ బండికి అని రాసి ఉంటే, ఇంకో స్టేషన్‌లో ఇంకో బండి ఖాళీగా నిలబడి ఉన్నా లాభం లేదు. మా రౌటర్ ఆ రోజు నాకు చేసి పెట్టింది సరిగ్గా ఇదే, ఇంకో స్టేషన్ దాకా ఆటోలో దింపింది, టికెట్ మాత్రం చెల్లలేదు.

పెద్ద కంపెనీలు ఏం చేస్తాయంటే, ఏ ఇంటర్నెట్ కంపెనీకీ చెందని సొంత అడ్రస్‌లు, సొంత ఏఎస్ నంబర్ (ఒక్కో నెట్‌వర్క్‌ను గుర్తించే నంబర్) తీసుకుంటాయి. మన దేశంలో వీటిని ఇరిన్ అనే రిజిస్ట్రీ ఇస్తుంది. ఆ అడ్రస్‌లను రెండు లైన్ల మీదా బీజీపీతో (నెట్‌వర్క్‌లు తమ దారులు ఒకదానికొకటి చెప్పుకునే పద్ధతి) ప్రకటిస్తే ఒకటి తెగినా ప్రపంచం రెండో దారిలో వస్తుంది, అడ్రస్ మారదు, కనెక్షన్లు బతికిపోతాయి. వినడానికి చాలా బాగుంటుంది. కానీ ఆ కంపెనీ తన తీగ తెగకుండా ఉండటం కోసం టోక్యో నుంచి సావో పాలో దాకా పూర్తి పట్టిక మోసే ప్రతి రౌటర్‌లో ఒక వరుస రాయించింది. దానికి ఆ కంపెనీ వాళ్లెవరికీ పైసా కట్టదు. ఊరుమ్మడి చెరువు నుంచి ఎవరి తూము వాళ్లు పెట్టుకున్నట్టు. ఐపీ పాత రూపమైన ఐపీవీ4 పట్టిక ఇప్పుడు 9 లక్షల వరుసలు దాటింది. 2014 ఆగస్టు 12న ఆ సంఖ్య 5 లక్షల 12 వేలను కాసేపు దాటితే, అంతవరకే చోటున్న పాత రౌటర్లు ఒక్కసారిగా తడబడి చాలాచోట్ల ఇంటర్నెట్ నత్తనడక నడిచింది. మా ఇంటి లాంటి ప్రతి ఇల్లూ ఇదే దారి పట్టిందనుకోండి, వరుసలు లక్షల్లో ఆగవు, కోట్లలోకి పోతాయి.

ఇది తెలిసే 2006 అక్టోబర్‌లో ఆమ్‌స్టర్‌డామ్‌లో ఇంటర్నెట్ ఆర్కిటెక్చర్ బోర్డు వాళ్లు వర్క్‌షాప్ పెట్టి కూర్చున్నారు. రూటింగ్ పట్టిక పెరగడానికి మల్టీహోమింగ్, అంటే ఇలా ఒకే చోటికి రెండు లైన్లు పెట్టుకోవడం, ఒక పెద్ద కారణం అని, ఎవరు, ఎక్కడ అనే రెండింటినీ ఒకే అడ్రస్‌లో కలిపేయడం మూలంలో ఉన్న సమస్య అని అక్కడ తేల్చారు. అటూ ఇటూ చాలా ప్రయత్నాలే జరిగాయి. హిప్ అనేది రాబర్ట్ మాస్కోవిట్జ్ మొదలుపెట్టింది, అందులో మెషీన్ ఎవరో చెప్పేది దాని పబ్లిక్ కీ (ఎవరైనా సరిచూడగల డిజిటల్ గుర్తు), ఐపీ అడ్రస్ కేవలం దారి. షిమ్6 అని ఇంకోటి, లిస్ప్ అని ఇంకోటి.

నాకు వీటన్నింటిలో మనసుకు నచ్చింది ఐఎల్‌ఎన్‌పీ. రాన్ అట్కిన్సన్, స్కాట్లాండ్‌లోని సెయింట్ ఆండ్రూస్ యూనివర్సిటీలో ఉన్న సలీమ్ భట్టి కలిసి రాసింది, 2012లో ఆర్‌ఎఫ్‌సీ 6740గా వచ్చింది. ఐపీవీ6 అడ్రస్‌లో 128 బిట్లు ఉంటాయి కదా, దాన్ని మధ్యలో రెండు ముక్కలు చేస్తారు. ముందు 64 బిట్లు ఎక్కడ, వెనక 64 బిట్లు ఎవరు. టీసీపీ వెనక ముక్కను మాత్రమే గుర్తుపెట్టుకుంటుంది. కదిలితే ముందు ముక్క మారుతుంది, అవతలి వాళ్లకు ఒక చిన్న కబురు పంపితే చాలు. రెండు లైన్లు ఉంటే ముందు ముక్కలు రెండు, మనిషి ఒక్కడే. మధ్యలో రౌటర్లకు ఇదేమీ తెలియనక్కర్లేదు, వాటికి అది మామూలు ఐపీవీ6 ప్యాకెటే, ప్రపంచ పట్టికలో అదనపు వరుస కూడా అక్కర్లేదు. కదలడం, రెండు దారులు, ఈ రెండు సమస్యలూ నిజానికి ఒకటే సమస్య అని మొదటిసారి నాకు అర్థమైంది దీన్ని చదివినప్పుడే. కదిలే మనిషి ఒకదాని తర్వాత ఒకటిగా రెండు చోట్ల ఉంటాడు, రెండు తీగలున్న ఇల్లు ఒకేసారి రెండు చోట్ల ఉంటుంది, అంతే తేడా.

మరి ఎందుకు రాలేదు? రెండు చివర్లలో ఉన్న ఆపరేటింగ్ సిస్టమ్‌లూ మారాలి. ఒక్క వైపు మారితే లాభం సున్నా. అదీగాక, రాసిపెట్టిన పాత ప్రోగ్రాములు ఎన్నో ఐపీ అడ్రస్‌ను పేరుగా వాడేసుకున్నాయి, ఫైర్‌వాల్‌లో "ఈ అడ్రస్‌ను రానివ్వు" అని రాసుకున్నదే తీసుకోండి. మా జిల్లా పేరు సంగతి గుర్తొస్తుంది. మేము ఇల్లు కదలలేదు, గోడ మీద రంగు కూడా మార్చలేదు, 2016 అక్టోబర్‌లో వరంగల్ అర్బన్ జిల్లా అయ్యాం, 2021లో హన్మకొండ జిల్లా అయ్యాం. ఆధార్‌లో ఒకటి, బ్యాంకులో ఒకటి, గ్యాస్ బుక్కులో ఇంకోటి. చిరునామాను మనిషి గుర్తింపుగా వాడుకున్న ప్రతి చోటా కౌంటర్ ముందు నిలబడి బాపు విడివిడిగా మార్పించుకు వచ్చారు. ఇంటర్నెట్ కంపెనీ మార్చిన ఆఫీసుల్లో నేను వారం రోజులు చేసే పని కూడా అచ్చంగా అదే, ఏ మూల ఏ ఫైల్‌లో పాత అడ్రస్ దాక్కుని ఉందో వెతకడం.

చివరికి సమస్యను కింద పరిష్కరించలేక పైకి తోసేశారు. 2013లో మల్టీపాత్ టీసీపీ వచ్చింది, ఒకే కనెక్షన్ వైఫై మీదా మొబైల్ డేటా మీదా కలిసి నడుస్తుంది, అదే ఏడాది యాపిల్ ఐఓఎస్ 7లో సిరి కోసం వాడింది. 2021 మేలో టీసీపీకి బదులుగా వాడే క్విక్ అనే కొత్త పద్ధతి ఆర్‌ఎఫ్‌సీ 9000 అయింది. క్విక్‌లో కనెక్షన్‌ను గుర్తుపట్టేది నాలుగు అంకెల జట్టుతో కాదు, దానికంటూ ఒక కనెక్షన్ ఐడీ ఉంటుంది. ఫోన్ వైఫై నుంచి మొబైల్ డేటాకు మారితే కొత్త దారిలో ప్యాకెట్ వస్తుంది, సర్వర్ ఒక సవాలు విసురుతుంది, సరైన జవాబు వస్తే ఆ దారినే నమ్ముతుంది. ఇందాక చెప్పానే, "నేనే ఇందాకటి మనిషిని" అంటే నమ్మడానికి ఆధారం లేదని, ఆ ఆధారమే ఇది. నాట్, ఫైర్‌వాల్ లాంటి మధ్య పెట్టెలు చెడగొట్టకుండా దాదాపు మొత్తం ఎన్‌క్రిప్ట్ చేసి, యూడీపీ అనే పాత సాదా పద్ధతి మీద నడిపించేశారు. ఇది అందమైన పరిష్కారమా అంటే నేను అనను. ప్రతి ప్రోటోకాల్ తన గుర్తింపు కార్డు తానే ముద్రించుకోవాల్సి వస్తోంది. కానీ పనిచేస్తోంది, ఎవరి అనుమతీ అడగకుండా ఒక యాప్ అప్‌డేట్‌తో వచ్చేసింది, ఐఎల్‌ఎన్‌పీకి దొరకని అదృష్టం అదే.

క్విక్ వాళ్లు ఇంకో జాగ్రత్త కూడా పడ్డారు, దాన్ని మెచ్చుకోవాలి. దారి మారినప్పుడు కనెక్షన్ ఐడీని కూడా మారుస్తారు. లేకపోతే ఇంటి వైఫైలో కనిపించిన ఐడీయే బస్టాండ్‌లో, ఆస్పత్రిలో కనిపిస్తే, మధ్యలో కూర్చుని చూసేవాడికి మనం ఎక్కడెక్కడ తిరిగామో పుస్తకం రాసిచ్చినట్టే. వెంట వచ్చే పేరు కావాలని ఇంతసేపూ గోల పెట్టాను కదా, వెంట వచ్చే పేరుతో వెంటపడే వాళ్లూ వస్తారు. ఐపీవీ6 తొలి రోజుల్లో వెనక 64 బిట్లలో నెట్‌వర్క్ కార్డు నంబర్‌ను పెట్టి ఇదే తప్పు చేశారు, తర్వాత తాత్కాలికంగా మారే అడ్రస్‌లు తెచ్చి సర్దుకున్నారు.

ఇక మా ఇంటి సంగతి. ముంబైలో ఒక చిన్న సర్వర్ అద్దెకు తీసుకుని దాని దాకా వైర్‌గార్డ్ అనే వీపీఎన్ సాఫ్ట్‌వేర్‌తో సొరంగం వేశాను. వైర్‌గార్డ్‌లో నేనెవరో చెప్పేది నా కీ, ఏ అడ్రస్ నుంచి సరైన కీతో ప్యాకెట్ వస్తే జవాబు ఆ అడ్రస్‌కే పోతుంది. హిప్ చెప్పిన సంగతే దొడ్డిదారిన ఇంట్లోకి వచ్చింది అనిపించింది. లినక్స్ 5.6 కర్నెల్‌లోకి వైర్‌గార్డ్, మల్టీపాత్ టీసీపీ మొదటి రూపం, రెండూ ఒకేసారి వచ్చాయి, 2020 మార్చి 29న, లాక్‌డౌన్ మొదలైన అయిదో రోజు. ఇప్పుడు ఒక తీగ పీకి చూశాను, ఏడెనిమిది సెకన్లు స్క్రీన్ ఆగింది, తర్వాత నేను కొట్టిన అక్షరాలన్నీ ఒక్కసారిగా వచ్చి పడ్డాయి. సెషన్ పోలేదు. నిజానికి నేను చేసింది సొంత హోమ్ ఏజెంట్ పెట్టుకోవడమే, హన్మకొండలో కూర్చుని హైదరాబాద్ సర్వర్‌తో మాట్లాడాలన్నా ముంబై చుట్టి రావాలి. బాపు అయితే "మళ్లా పోస్టాఫీసే పెట్టినవ్ గద" అన్నారు.

గర్వంగా బయటికి తీసుకెళ్లి రెండు తీగలూ ఎటు నుంచి వస్తున్నాయో చూపించాను. ఆయన ఒక నిమిషం పైకి చూసి, వీధి మూల దాకా నడిచి, మళ్లీ పైకి చూసి వెనక్కి వచ్చారు. రెండు కంపెనీల తీగలూ మూల మీద ఒకే కరెంటు స్తంభానికి, ఒకే కొక్కేనికి చుట్టి ఉన్నాయి. 2023 జూలై వానలకు నయీంనగర్ నాలా పొంగినప్పుడు ఒరిగిన స్తంభం అది, ఇంకా నిటారుగా పెట్టలేదు.

కేబుల్ అబ్బాయికి ఫోన్ చేశాను. వెనక గల్లీ నుంచి ఇంకో తీగ లాగాలంటే అరవై మీటర్లు పడుతుందట, పక్కింటి అత్తమ్మ డాబా మీదుగా పోవాలట. ఆమెను అడిగే పని బాపు తీసుకున్నారు.